పదహారు వోల్టులు దాటాక

“నెత్తళ్ళు తాజావేనా?”

“ఎండువే. ఉప్పు తక్కువ.”

చేపల కోడ్ సరిపోయింది. పూర్ణా మార్కెట్లో మిరపకాయల గోదాము వెనక తలుపు తెరుచుకుంది. ఏజెంట్ నాగవంశీ తుమ్ముతూనే లోపలికెళ్ళాడు. దేశ రహస్యాలన్నీ ఈ ఘాటులోనే ఎందుకు చెప్పాలో చీఫ్ త్రినాథరావుకే తెలియాలి.

“రేపు ఉదయం తీరం ఫొటోలు తీసే మన చిన్న విమానం లేస్తుంది. అది తిరిగి రాదని విదేశీ ముఠా మెసేజ్ ఒకటి దొరికింది. విమానమంతా వెతికించాం, పైకి ఏ తప్పూ లేదు. హేంగర్‌లో అనుమానం ఇద్దరి మీద. స్టోర్స్ కృష్ణంరాజు. మనం పెట్టిన ఇంజనీర్ అనూరాధ.”

“అనూరాధ కాదు సార్.”

“ఎలా చెప్పగలవు?”

“వచ్చే నెల మా పెళ్ళి.”

“అది సాక్ష్యం కాదు నాయనా,” అన్నాడు చీఫ్.

మర్నాడు పెట్టుడు మీసం, టోపీ పెట్టుకుని, సర్వే ఆపరేటర్ వేషంలో వంశీ విమానమెక్కాడు. హేంగర్ గుమ్మంలో అనూరాధ నిలబడి ఉంది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర స్కార్ఫ్, చేతులకు గ్రీజు. అయినా ఎంత బాగుందో! అతన్ని గుర్తుపట్టలేదు. ఆమె తప్పేమీ లేదని రుజువు చేసి, సాయంత్రం ఈ మీసంతోనే నవ్వించాలనుకున్నాడు పిచ్చివాడు.

స్టీల్‌ప్లాంట్ చిమ్నీలు దాటి సముద్రం మీదికి రాగానే వోల్ట్‌మీటర్ ముల్లు కదిలింది. పద్నాలుగు. పదిహేను. పదహారు.

“ఆల్టర్నేటర్ కరెంటు ఎక్కువ తోస్తంది బావా,” అన్నాడు పైలట్ దుర్గారావు. “కంగారు పడకు. పదహారు దాటితే ప్రొటెక్షన్ బాక్సే ఆపేత్తాది. లేకపోతే లిథియం బ్యాటరీ అంటుకోదేటి?”

పదిహేడు. సీటు వెనకున్న బ్యాటరీ నుంచి తియ్యటి ఘాటు వాసన. దుర్గారావు ఇంకా ఆ బాక్స్‌నే నమ్ముకుని కూర్చున్నాడు. వంశీ మైక్ లాక్కున్నాడు.

“హేంగర్! వోల్టేజ్ పద్దెనిమిది. బాక్స్ పనిచెయ్యడం లేదు!”

రేడియో గరగరలాడింది. తర్వాత అనూరాధ గొంతు.

“వంశీ? నువ్వెందుకెక్కినావు!”

“అనూ...”

“మాటాడకు! ఆ బాక్స్ ఖాళీది, లోపలేటీ లేదు. ఆల్టర్నేటర్ బ్రేకర్ లాగీమను. బ్యాటరీ మాస్టర్ స్విచ్ ఆఫ్! నాను సెప్తన్నాను కదా!”

దుర్గారావు రెండూ ఆపేశాడు. ముల్లు సున్నాకు పడింది, రేడియో మూగబోయింది. ఇంజన్‌కు బ్యాటరీతో పనిలేదు గనుక విమానం ఎగురుతూనే ఉంది. వంశీ మీసం పీకేసి వెక్కి వెక్కి ఏడ్చాడు. బాక్స్ ఖాళీ అని, ఖాళీ చేసిన మనిషికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది?

దిగేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆమెను తప్పించడానికి ఫిషింగ్ హార్బర్‌లో కాచుకున్న ముఠా బోటును, ఆ మెసేజ్ ఆధారంతో మాటువేసిన చీఫ్ మనుషులు ఈలోగా పట్టేశారు. ఆమె మాత్రం అటు వెళ్ళనే లేదు. రేడియో ఆగాక అతనున్నాడో లేడో తెలియక, రన్‌వే అంచున ఆకాశంకేసి చూస్తూ నిలబడిపోయింది.

“బతికే ఉన్నావా,” అంది.

“ఉన్నాను. దుర్గారావు ఒక్కడే చచ్చిపోతే పర్లేదా అనూ?”

ఆమె చేతులు చాపింది. సంకెళ్ళు వేస్తుంటే అతనికి తాళం పడలేదు. నొక్కడానికి ఆమే సాయం పట్టింది.

సాయంత్రం వంశీ రిపోర్ట్ రాశాడు. ‘ఏజెంట్‌కు తగిలిన దెబ్బలు’ అన్న గడిలో ‘లేవు’ అని నింపాడు. ప్రభుత్వ ఫారంలో అంతకన్నా చోటివ్వరు.