ఏడాది ఆగితే చవక

"ఇప్పుడే కొనొద్దని మీ అన్నకి చెప్పు. ఏడాది ఆగితే చవక."

మధ్యాహ్నం బెల్లు కొట్టి ఐదు నిమిషాలు కూడా కాలేదు. ప్రొఫెసరు చుట్టూ అప్పుడే అరడజను మంది మూగారు.

ప్రొఫెసరంటే నెరిసిన జుట్టు పెద్దాయన అనుకునేరు. ఆరో తరగతి పిల్ల. ఆ పేరు వాళ్ల నాన్న పెట్టాడు, స్కూలంతా పట్టుకుంది. మడతపెట్టే ఫోను, గోడకి కాగితంలా అంటించే టీవీ, గుండె చప్పుడు లెక్కపెట్టే వాచీ, ఇలా రాబోయే వస్తువుల గురించి ఆమెకు తెలియని సంగతి లేదు. ఏది ఎప్పుడొస్తుందో, ఎప్పుడు చవకవుతుందో అంతా ఒక నోటుబుక్కులో రాసుకునేది.

"బొమ్మలు గాల్లో కనిపించే కళ్లజోడు ఎప్పుడు కొనొచ్చే?" అని అడిగింది ఉడత. ఎప్పుడూ ఏదో ఒకటి కొరుకుతూ ఉంటుందని ఆ పిల్లకి ఆ పేరు.

"నాలుగేళ్లు పడుతుంది."

"అప్పటికి నేను పదో క్లాసు!"

"ముందు ఈ ఏడు గట్టెక్కు."

అందరూ నవ్వారు. వాచీ ధర పడిపోతుందని ఆమె చెప్పిన నెలలోనే పడిపోయింది మరి. అందుకే ఆ పిల్ల మాట అంటే అందరికీ గురి. ఇంట్లో కూడా అంతే. నాన్న ఆమెని అడగకుండా బల్బు కూడా కొనడు.

అప్పుడే గేటు దగ్గర నాన్న కనిపించాడు. వాచ్‌మన్ ఏదో అడుగుతున్నాడు. నాన్న చెవి వెనక చెయ్యి పెట్టి ముందుకి వంగి "ఆఁ?" అన్నాడు. వాచ్‌మన్ మళ్లీ అడిగాడు. నాన్న మళ్లీ "ఆఁ?" అన్నాడు. మూడోసారి వాచ్‌మన్ అరిచిన అరుపుకి గ్రౌండులో ఆడేవాళ్లు కూడా ఆగి చూశారు.

ఉడత కూడా చెవి వెనక చెయ్యి పెట్టి "ఆఁ?" అంది. పిల్లలు పడీ పడీ నవ్వారు.

ప్రొఫెసరు కూడా నవ్వింది. నవ్వుతూనే తలదించుకుని గేటు వైపు పరుగెత్తింది.

"చెవి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాలమ్మా. మీ టీచరుకి నిన్ననే చెప్పాను. మిషన్ల సంగతి నాకేం తెలుసు? నువ్వు పక్కనుంటే ధైర్యం" అన్నాడు నాన్న.

నాన్న ఇనప బీరువాలు చేసే షెడ్డులో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాడు. రేకులు కోసే చప్పుడు, సుత్తి దెబ్బలు, ఇనుము అరగదీసే గ్రైండరు అరుపు. ఇంటికొచ్చాక కూడా ఆ హోరు చెవుల్లోనే ఉందనేవాడు.

డాక్టరమ్మ పరీక్ష చేసి, కాగితం మీద ఒక గీత చూపించింది. గీత చివరికొచ్చేసరికి కాస్త కిందికి జారింది.

"వినికిడి కొంచెం తగ్గింది. ఇప్పుడే జాగ్రత్తపడితే ఇక్కడితో ఆపొచ్చు" అని బల్లమీద రెండు వస్తువులు పెట్టింది. ఒకటి చెవి వెనక తగిలించుకునే మిషను, చిక్కుడు గింజంత ఉంది. రెండోది గిన్నెలు బోర్లించినట్టున్న ఎర్రటి చెవి మూతలు. "మిషను మాటలు వినడానికి. మూతలు షెడ్డులో పెట్టుకోవడానికి. మూడు నెలలకోసారి పరీక్షకి రావాలి."

ప్రొఫెసరు మిషన్ని తిప్పి తిప్పి చూసింది. చెవి వెనక నుంచి లోపలికి వెళ్లే గొట్టం దూరం నుంచి కూడా కనిపిస్తుంది. అది పెట్టుకుని నాన్న స్కూలు గేటు దగ్గర నిలబడినట్టు, ఉడత చూసినట్టు ఊహించుకుంది.

"డాక్టరుగారూ, ఇది పాత మోడల్ కదండీ. కొత్తది వస్తోంది. బఠాణీ గింజంత ఉంటుంది. చెవిలో పెట్టుకుంటే బయటికి కనపడదు. హోరుని అదే ఆపేస్తుంది, మాటల్ని అదే పెంచుతుంది. ఏడాదిలో చవకవుతుంది" అంది గడగడా.

"రానీ తల్లీ, మంచిదే. అది వచ్చేదాకా చెవులు ఆగవు కదా. పోనీ ఈ మూతలైనా ఇవాళ తీసుకోండి."

నాన్న కూతురి వైపు చూశాడు.

"రెండు పనులూ అదే చేస్తుంది నాన్నా. ఇప్పుడు ఇవి కొంటే దండగ" అని గట్టిగా చెప్పింది ప్రొఫెసరు.

నాన్న నవ్వాడు. "మా ప్రొఫెసరు ఎప్పుడూ తప్పు చెప్పలేదండీ" అని లేచాడు. ఇద్దరూ ఖాళీ చేతులతో ఇంటికొచ్చారు.

సంగతి విన్న అమ్మ మొహం చిట్లించింది.

"ఆలస్యం అమృతం విషం అంటారు" అంది.

"నిదానమే ప్రధానం అని కూడా అంటారమ్మా" అంది ప్రొఫెసరు. సామెతకి సామెత చెప్పానని ఆ పూటంతా తెగ మురిసిపోయింది కూడా.

నెలలు గడిచాయి. నాన్న టీవీ సౌండు పెరిగింది. అమ్మ గొంతు కూడా పెరిగింది.

అమ్మ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఎవరి జేబులో ఏం దొరికిందో సాయంత్రం కూర్చుని చెప్పేది. ఒకసారి ఒకాయన కోటు జేబులో కట్టుడు పళ్లు దొరికాయని చెబితే, నాన్న నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. రానురాను అమ్మ చెప్పడం తగ్గించేసింది. మూడుసార్లు అరిచి చెప్పిన జోకుకి నవ్వెక్కడొస్తుంది? చివరికి ఆ ఇంట్లో సాయంత్రాలు "అన్నం పెట్టనా", "లైటు ఆపనా" అన్న రెండు ముక్కలతోనే గడిచిపోయాయి. నాన్న దేనికైనా తల ఊపేవాడు, అర్థమైనా కాకపోయినా.

షెడ్డులోనూ కష్టమొచ్చింది. తాళం తిరిగినప్పుడు వచ్చే టిక్కుమనే శబ్దం విని బీరువా తలుపు సరిగ్గా కూర్చుందో లేదో చెప్పగలిగినవాడు నాన్న. ఇప్పుడా శబ్దం వినపడటం లేదు. ఒకరోజు కొనేవాళ్లు చెప్పిన కొలత సరిగ్గా వినక రేకు తప్పు కోశాడు. ఓనరు తిట్టలేదు. నాన్నని తీసుకెళ్లి గ్రైండరు దగ్గర నిలబెట్టాడు. అక్కడ వినాల్సిన పనేమీ లేదన్నాడు. ఆ షెడ్డు మొత్తంలో అన్నిటికన్నా పెద్ద చప్పుడు ఆ గ్రైండరుదే.

"ఆ ఎర్ర మూతలైనా కొనుక్కురండి" అని అమ్మ పోరు పెట్టింది.

"వచ్చే నెలే విడుదల అమ్మా! ఇన్నాళ్లు ఆగాం, కాస్త ఆగలేమా?" అంది ప్రొఫెసరు.

కొత్త మిషను అనుకున్న నెలలోనే వచ్చింది. మొదట్లో దాని ధర వింటే కళ్లు తిరిగేవి. తర్వాత తగ్గింది, ఇంకా తగ్గింది. సరిగ్గా ఏడాదికి మూడో వంతుకి దిగింది. ప్రొఫెసరు లెక్క ఒక్క నెల కూడా తప్పలేదు. ఆ రోజు స్కూల్లో ఆ పిల్ల కాళ్లు నేలమీద ఆనలేదు.

ముగ్గురూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆవిడ మళ్లీ పరీక్ష చేసింది. పాత కాగితం పక్కన కొత్త కాగితం పెట్టింది. కొత్త గీత సగం నుంచే గోతిలోకి దిగినట్టు దిగిపోయింది.

"మీరు అడుగుతున్న మిషను కొద్దిగా చెవుడు ఉన్నవాళ్లకి. పోయినేడు అయితే సరిపోయేది. ఇప్పుడు సరిపోదు" అంది డాక్టరమ్మ.

"పోనీ వచ్చే ఏడు మోడల్?" అంది ప్రొఫెసరు.

"చెవి లోపల పోయింది మళ్లీ పుట్టదు తల్లీ. ఇప్పుడు పెద్ద మిషను పెట్టాలి. దాంతో కూడా మాటల్లో సగమే అందుతాయి. మీరు ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేలా నిదానంగా చెప్పాలి. మూతలు పెట్టుకోకపోతే ఆ సగం కూడా మిగలదు."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది, అంతే. తిట్టినా బాగుండేది అనిపించింది ప్రొఫెసరుకి.

నాన్న ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "ఏమందీ?" అని అడిగాడు. డాక్టరమ్మ అంతా కాగితం మీద రాసి ఆయన చేతికిచ్చింది.

అమ్మ మందుల చీటీ పట్టుకుని పక్క షాపుకి వెళ్లింది. తండ్రీకూతుళ్లు బస్టాపులో నిలబడ్డారు. చుట్టూ పదిమంది ఉన్నారు. ప్రొఫెసరు నాన్న చొక్కా అంచు పట్టుకుని, నేల చూస్తూ మెల్లిగా అంది.

"నాన్నా, నేను ఆగమన్నది చవకవుతుందని కాదు."

"ఏంటమ్మా?"

"చవకవుతుందని కాదు నాన్నా."

"వినపడట్లేదు తల్లీ. గట్టిగా చెప్పు."

ఆ మాట గుసగుసగా చెప్పి ఏడ్చేద్దామనుకుంది. కుదరలేదు. తలెత్తి నాన్న కళ్లలోకి చూసి, గొంతు చించుకుని అరిచింది.

"చిన్నదొస్తే బయటికి కనపడదని ఆగమన్నా! అది పెట్టుకుని నువ్వు స్కూలుకొస్తే అందరూ నవ్వుతారని! నాకు సిగ్గేసింది నాన్నా!"

బస్టాపులో అందరూ అటు తిరిగారు. ఒకాయన పేపరు దించి మరీ చూశాడు.

ఈసారి నాన్నకి వినపడింది. రోడ్డు వైపు చూపు తిప్పుకున్నాడు.

"నాకూ సిగ్గేసింది" అన్నాడు. "ఆ మిషను పెట్టుకుంటే షెడ్డులో ముసలోడంటారని. నువ్వు ఆగమన్నావు, నాకు సాకు దొరికింది. చిన్నపిల్లవి, నీకేం తెలుసు? నాకు తెలిసుండాల్సింది." మళ్లీ కూతురి వైపు తిరిగాడు. "కానీ ఇకమీదట నాకు చెప్పేది ఉన్నదున్నట్టు చెప్పు. మధ్యలో ఏదీ దాచొద్దు. నాకు సగమే వినపడుతుంది కదా. ఆ సగం కూడా అబద్ధమైతే ఎలాగమ్మా?"

ప్రొఫెసరు తల ఊపింది.

పెద్ద మిషను ఆర్డరిచ్చారు. ఎర్ర మూతలు మాత్రం ఆ సాయంత్రమే కొన్నారు. వాటి ధర ఆ పిల్ల స్కూలు బూట్ల ధర కన్నా తక్కువ. ఆ రాత్రి ఆమె ఆ ధరని నోటుబుక్కులో రాసుకుంది.

నెల తర్వాత స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు వచ్చింది. అమ్మకి లాండ్రీలో సెలవు దొరకలేదు. నాన్న చెవి వెనక బొటనవేలంత మిషను పెట్టుకుని, గుమ్మం దగ్గరే తటపటాయించాడు. ప్రొఫెసరు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ముందు బెంచీలో కూర్చోబెట్టింది. వెనక బెంచీల్లో ఉడతతో సహా క్లాసు సగం ఉంది.

లెక్కల టీచరు మార్కుల రిజిస్టరు మొహానికి అడ్డం పెట్టుకుని చదివేస్తూ పోయింది.

"లెక్కల్లో బాగా వెనకబడిందండీ. క్లాసులో ఎప్పుడూ ఫోన్ల కబుర్లు, వాచీల కబుర్లు. ఈ నెల్లో నాలుగుసార్లు హోంవర్కు తేలేదు."

నాన్నకి రిజిస్టరు అట్ట తప్ప ఏమీ కనపడలేదు. కూతురి వైపు తిరిగాడు.

"టీచరుగారు ఏమంటున్నారమ్మా?"

"బాగా చదువుతున్నానంటున్నారు" అంటే చాలు. నాన్న నమ్ముతాడు. మెచ్చుకుంటాడు కూడా. టీచరు అప్పటికే పేజీ తిప్పేసింది. నాన్న మాత్రం ఆ పిల్ల పెదాల వైపే చూస్తున్నాడు.

ప్రొఫెసరు లేచి నాన్నకి ఎదురుగా నిలబడింది. వెనక బెంచీలన్నీ వినేలా, నిదానంగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"నేను లెక్కల్లో వెనకబడ్డానంట నాన్నా! క్లాసులో కబుర్లు చెబుతున్నానంట! నాలుగుసార్లు హోంవర్కు తేలేదంట!"

వెనకనుంచి కిసుక్కుమన్నారు. ప్రొఫెసరు తిరిగి చూడలేదు.

నాన్న వేళ్లు చూపించి అడిగాడు. "నాలుగుసార్లా?"

"టీచరుగారు నాలుగన్నారు నాన్నా" అంది ఇంకా గట్టిగా. "నిజానికి ఆరు."