గిన్నెల కింద పులి

శవం కంచె అవతల బురదలో బోర్లా పడి ఉంది. సఫారీ గైడుది. మెడ వెనక లోతైన గాట్లు. అక్కడి నుంచి వాగు దాకా పులి అడుగులు.

ఉదయం ఐదు నలభైకి మొదట చూసింది అతని భార్య. అడవి మధ్యనున్న ఆ విడిదిలో ఆమె వంటమనిషి.

"ఆడపులి పని," అన్నాడు రేంజర్. "నన్నడక్కుండా కంచె దూకాడు. రూల్ మీరాడు. ఫలితం అనుభవించాడు."

సెలవు పెట్టి తల్లితో సఫారీకి వచ్చిన పోలీసు ఇన్‌స్పెక్టర్ శవం పక్కన వంగింది. ఆమె అడుగుల వంక చూసింది. ఆకాశం వంక చూసింది. చినుకులు మొదలయ్యాయి.

"వంటింట్లో గిన్నెలన్నీ పట్టుకురా," అంది జీపు డ్రైవర్‌తో.

"గిన్నెలెందుకు మేడమ్?"

"వాన సాక్ష్యం చెరిపేస్తుంది. అడుగుకొక గిన్నె బోర్లించు. ఒక్కటి చెదిరినా నీ సంగతి చెప్తాను."

రాత్రి నుంచి వాగు పొంగుతోంది. ఉన్న ఒక్క రోడ్డూ మునిగింది. ఫోన్లు మూగబోయాయి. విడిది చుట్టూ కందకం. కందకం వెంట కంచె. కిటికీలకు ఇనుప వల. ఒకటే గేటు. దాని తాళంచెవి రేంజర్ నడుముకు వేలాడే గుత్తిలో ఉంది. జంతువులను చూడవచ్చిన మనుషులే ఇప్పుడు బోనులో ఉన్నారు. వారిలో హంతకుడుంటే, అతడూ అదే బల్ల దగ్గర టీ తాగుతున్నాడు.

"మధ్యాహ్నానికి వాగు తగ్గుతుంది," రేంజర్ ప్రకటించాడు. "రిపోర్టు రాసేశాను. పులి దాడి. ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోవచ్చు."

వంటామె ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టుకుంది.

"ఆయన చెప్పకుండా గేటు దాటే మనిషి కాదమ్మా. జీపులోంచి ఎవరైనా కాలు బయట పెడితేనే ఇంతెత్తున లేచేవాడు. తప్పు తనదేనని కాగితం మీద పడిపోతే, ఇంక ఎవరడుగుతారు?"

"నేను అడుగుతాను."

వరండా చివర ఆమె ఒక్కొక్కరినీ కూర్చోబెట్టింది. మొదట ఫోటోగ్రాఫర్.

"నిన్న గైడుతో గొడవపడ్డారు."

"పడ్డాను. పులి దగ్గరికి జీపు పోనివ్వమంటే ససేమిరా అన్నాడు."

"మీరేమన్నారు?"

"పులి కన్నా నువ్వే ఎక్కువ గుర్రుమంటున్నావన్నా. అంతే మేడమ్! దానికి మనిషిని చంపుతారా?"

"అంతకన్నా చిన్నమాటకు చంపినవాళ్ళను చూశాను. రాత్రి?"

"గదిలో. గడియ పెట్టి, దానికి కుర్చీ కూడా ఆనించి."

తర్వాత డ్రైవర్.

"గైడు నీకేమవుతాడు?"

"బావ. వంటచేసేది మా అక్క."

"శత్రువులు?"

డ్రైవర్ ఆఫీసు గది వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "మొన్నామధ్య అడవిలోకి వేటగాళ్ళ బండి వచ్చింది. బావ కళ్ళారా చూశాడు. వాగు తగ్గగానే పైఆఫీసుకెళ్ళి చెప్తానన్నాడు."

"ఎవరు రానిచ్చారట?"

"నేనూ అడిగాను. పిల్లలున్నవాడివి, నీకెందుకురా అన్నాడు."

చివరికి రేంజర్ కోసం ఆమె ఆఫీసు గదిలోకి వెళ్ళింది. అక్కడ అతడు ఆమె తల్లికి అద్దాల బీరువా చూపిస్తున్నాడు. లోపల ప్లాస్టర్ పాదాలు, వరసగా.

"ఇవన్నీ మా పులులండి. బురదలో అడుగు పడితే ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తాం. ప్రతి పులికీ ఎడమ వెనక పాదమే. గుర్తుపట్టడానికి మాకదొక్కటీ చాలు. ఈ బీరువా తాళంచెవి నా ఒంటి మీద నుంచి కదలదు."

"దుమ్ము దులపడానికైనా కదలొచ్చు కదా నాయనా," అంది ముసలావిడ. "ఇన్నింటిలో ఇదొక్కటే స్నానం చేసిన పిల్లాడిలా ఉంది. మిగతావాళ్ళేం పాపం చేశారు?"

రేంజర్ నవ్వాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. అతడిని ఏమీ అడగకుండానే గొడుగు తీసుకుని బయటకు నడిచింది.

మధ్యాహ్నం పన్నెండున్నర. వాగు తగ్గుముఖం పట్టింది. ఇన్‌స్పెక్టర్ అందరినీ కంచె బయటికి పిలిచింది.

"గిన్నె ఎత్తు," అంది డ్రైవర్‌తో. "ఏ పాదం?"

"ఎడమ వెనకది."

"పక్కది?"

"అదీ ఎడమ వెనకదే."

"తర్వాతది?"

డ్రైవర్ మూడో గిన్నె ఎత్తాడు. నాలుగోది ఎత్తాడు.

"మేడమ్, అన్నీ ఎడమ వెనకవే!"

"నాలుగు కాళ్ళ జంతువు ఒంటికాలి మీద గెంతుతూ వెళ్ళిందా, రేంజర్ గారూ? మీరే అతని మెడ మీద కత్తితో పొడిచి, దారి పక్క బండల మీద నిలబడి, వంగి, ఒకే అచ్చును వరసగా ఒత్తారు. ఏళ్ళ తరబడి ఒక్క పాదాన్నే కొలిచిన మనిషికి పులంటే ఆ పాదమే. మిగతా మూడు కాళ్ళు గుర్తుకే రాలేదు."

"బీరువాలోంచి అచ్చు ఎవరైనా తీసి ఉండొచ్చు!"

"బీరువా తాళం పగల్లేదు. తాళంచెవి మీ ఒంటి మీద నుంచి కదలదు. మాట మీదే. ఇలా ఇవ్వండి."

రేంజర్ ఒక అడుగు వెనక్కు వేశాడు. వెనక కందకం. అటు వాగు. గేటు దారిలో డ్రైవర్, ఫోటోగ్రాఫర్. మిగిలింది అడవి. ఆ వైపు చూశాడు. గుత్తి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె బీరువా తెరిచి, ఆ శుభ్రమైన అచ్చు తెచ్చింది.

"బురద కడిగేశారు. దాంతో దుమ్మూ పోయింది. కానీ ప్లాస్టర్ నీళ్ళు తాగుతుంది. ఈ వానలో ఆరదు. పట్టుకుని చూడండి, ఇంకా చెమ్మగానే ఉంది."

అచ్చులో ఒక వేలి అంచు విరిగి ఉంది. బురదలోని ప్రతి అడుగులోనూ అదే విరుపు.

"వేటగాళ్ళను రానిచ్చింది నేనేనని చెప్పి వాడు నా ఉద్యోగం తీసేవాడు," అన్నాడు రేంజర్.

"మీరు అతని ప్రాణం తీశారు. పైగా నేరం అతని మీదే రాశారు."

డ్రైవర్ వాగు దాటి పోలీసులను తెచ్చే దాకా అతన్ని ఆఫీసు గదిలోనే ఉంచి, ఆమె బయట తాళం వేసింది. ఇనుప వల వెనక అతని ముఖం తెల్లగా కనిపించింది.

వంటామె గిన్నెల దగ్గరే నిలబడి ఉంది.

"అయితే ఆయన తనంతట తాను వెళ్ళలేదు కదమ్మా?"

"లేదు. పైఅధికారి గేటు తీసి పిలిచాడు. రూల్ ప్రకారమే వెళ్ళాడు. రిపోర్టులో ఆ మాట నా చేత్తో రాస్తాను."

వంటామె తల ఊపింది. వంగి, తన గిన్నెలను ఒక్కొక్కటిగా మళ్ళీ ఆ అడుగుల మీద జాగ్రత్తగా బోర్లించింది.

వాన ఇంకా వెలవలేదు.