తాళం పోయింది

పెట్టె మంచం మీద తెరిచి ఉంది.

గట్టి పెట్టె. ముదురు నీలం రంగు. అంచుల చుట్టూ స్టీలు పట్టీ. లోపల రెండు జతల బట్టలు, ఒక శాలువా, చెప్పులు, బీపీ మందుల డబ్బా. వాటి మధ్యలో మాత్రం చదరంగా, జానెడున్నర మేర ఖాళీ.

"అక్కడుండాలండి నా లెన్సుల పెట్టె," అంది పెద్దావిడ. ఆ ఖాళీని వేలితో చూపించిందే గాని తాకలేదు. "రెండు వందల ముప్ఫై రెండు అద్దాలు. మా మాస్టారు నా చేతికిచ్చి నలభై ఏళ్ళయింది. కళ్ళు పరీక్ష చెయ్యాలంటే నాకు అదే ఆధారం."

అతను వంగి చూశాడు. ముందు పెట్టెని. తరవాత ఆవిడని.

అతను ట్రావెల్ ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిమ్స్ ఇన్వెస్టిగేటర్. ఆఫీసులో అందరూ 'డౌట్' అంటారు. సొంత తల్లి మంచినీళ్ళిచ్చినా గ్లాసు వెలుతురుకి పట్టి చూసుకునే రకమని వాళ్ళ నమ్మకం. అందులో అబద్ధమేమీ లేదు.

"మూడో తేదీన మీరు విమానం దిగారు. పెట్టె దిగలేదు. అంతేనా?"

"అంతేనండి. కళ్ళ క్యాంపుకి వెళ్ళాను. విమానం మారేచోట పెట్టె ఉండిపోయిందన్నారు. పాలసీ ఇచ్చినప్పుడే మీవాళ్ళు చెప్పారుగా, అందుకని ఎయిర్‌పోర్టు దాటకుండానే కంప్లయింట్ రాయించి కాయితం తీసుకున్నాను."

"మంచి పని చేశారు. ఆ కాయితం, కొన్న బిల్లులు ఉన్నాయి కాబట్టే మందులకీ, బట్టలకీ వెంటనే ఇచ్చేశాం."

పెద్దావిడ తల ఊపి, మంచినీళ్ళు తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది.

"మందులు దొరికేసరికే ఒకటిన్నర రోజైపోయింది," అంది గుమ్మంలోంచి మరో గొంతు. కూతురు. స్కూల్లో లైబ్రేరియన్. "క్యాంపులో కళ్ళు తిరిగి పడిపోయింది. నేను వెళ్ళి తీసుకొచ్చాను. అమ్మని ఎక్కువ మాట్లాడించకండి. ఏం కావాలన్నా నన్నడగండి."

డౌట్ అడిగాడు.

"పెట్టె ఇంటికెప్పుడొచ్చింది?"

"తొమ్మిదో తేదీ. పదకొండూ నలభైకి."

"ఎవరు తెరిచారు?"

"నేనే. భోజనమయ్యాక అమ్మ పడుకుంది. అప్పుడు."

"తాళం?"

"రిపోర్టులో ఉంది కదండీ."

రిపోర్టులో ఉన్న మాట నిజమే. ఎయిర్‌లైన్ వాళ్ళు ఇంగ్లీషులో టైప్ చేసిన రెండు ముక్కలు: బ్యాగ్ రిసీవ్డ్. లాక్ మిస్సింగ్. రిపోర్టులో ఉందని చెప్పిందే గాని, తాళం లేదని కూతురు తన నోటితో అనలేదు. డౌట్ ఆ సంగతి మనసులో పెట్టుకున్నాడు.

మంచినీళ్ళొచ్చాయి. అతను గ్లాసు కిటికీవైపు ఎత్తి చూసి, తాగాడు.

ఎయిర్‌పోర్టు లగేజీ విభాగం. మధ్యాహ్నం పన్నెండూ పది.

"ఇందులో తేల్చడానికేముందండీ?" అన్నాడు సూపర్‌వైజర్. "తొమ్మిదిన పొద్దున పెట్టె మా బెల్టు మీదికొచ్చింది. తొమ్మిది నిమిషాలు కెమెరాకి అందలేదు. ఆ తొమ్మిది నిమిషాలూ పక్కన ఉన్నది ఒక్కడే. ఇంటికి చేరేసరికి తాళం లేదు, లోపల వస్తువు లేదు. రేపు పదింటికి ఎంక్వయిరీ. ఉద్యోగం ఊడుతుంది. తరవాత పోలీసులు చూసుకుంటారు."

ఆ ఒక్కడు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. లోడర్. పదకొండేళ్ళ సర్వీసు. కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.

"ఆ తొమ్మిది నిమిషాలు ఏం చేశారు?" అని అడిగాడు డౌట్.

"బెల్టు ఆగిపోయింది సార్. నడుం నొప్పిగా ఉంటే ఆ పెట్టె మీద కూర్చున్నాను. అది తప్పే."

"తాళం ఉందా?"

"ఉంది సార్. లేవబోతే ప్యాంటు దానికి పట్టుకుని చిరిగింది."

వెనక్కి తిరిగి చూపించాడు. నాలుగంగుళాల కుట్టు. సూపర్‌వైజర్ పకపకా నవ్వాడు.

లోడర్ నవ్వలేదు. "ఈ కుట్టు వేసింది మా ఆవిడే సార్. ఇప్పుడు ఆవిడ కూడా అడుగుతోంది, నిజం చెప్పవయ్యా అని."

డౌట్‌కి జాలేసింది. కాని జాలి వేరు, నమ్మకం వేరు. ప్యాంటు ఎక్కడైనా చిరగొచ్చు.

"తాళం పోయిందని ఆ ఇంటినుంచి ఫోనొచ్చింది కదా. ఆ కాల్ రికార్డింగ్ కావాలి."

"టైప్ చేసింది మీ దగ్గరుందిగా?"

"చేసిన మనిషి నాకు తెలీదు. వినిపించండి."

పదకొండూ యాభై రెండుకి వచ్చిన కాల్. పెద్దావిడ గొంతే. తాపీగా, స్పష్టంగా ఉంది.

"పెట్టె వచ్చిందండి. తాళం పోయింది. ఇప్పుడిది ఎలా తెరవాలో తెలియట్లేదు."

"నోట్ చేసుకున్నామమ్మా. రిపోర్టు కాపీ ఫోనుకొస్తుంది."

అంతే. ఇరవై సెకన్లు కూడా లేదు. డౌట్ మూడుసార్లు విన్నాడు.

"ఆవిడ మూడు మాటలు చెప్పింది. మీవాళ్ళు రెండే ఎక్కించారు."

"మూడోది మనకెందుకండీ?"

"కాపీ ఏ నంబరుకెళ్ళింది?"

సూపర్‌వైజర్ కంప్యూటర్లో చూశాడు. "కూతురి నంబరుకి."

డౌట్ లేచాడు. "నాలుగున్నరకి ఆ ఇంటికి రండి. మీరు కూడా వినాలి."

నాలుగున్నర. అదే గది, అదే పెట్టె. పెద్దావిడ కుర్చీలో, కూతురు ఆవిడ వెనక, సూపర్‌వైజర్ గుమ్మం దగ్గర.

"అమ్మా, మీరే చెప్పాలి," అన్నాడు డౌట్. "ఆ రోజు ఫోనులో మీరు పోయిందన్నదేమిటి?"

"తాళమండి."

"పెట్టెకి వేలాడేదా? చేత్తో తిప్పేదా?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది పెద్దావిడ. "చేత్తో తిప్పేదే. నేను పడిపోయిన గొడవలో ఎక్కడో జారిపోయింది. వేలాడేది వేలాడుతూనే ఉంది. మా అమ్మాయి మనిషిని పిలిచి కోయించింది కదా?"

సూపర్‌వైజర్ ముఖం పాలిపోయింది.

"తలుపుకి తాళం వేస్తాం," అన్నాడు డౌట్. "జేబులో తాళం వెతుక్కుంటాం. రెండూ తాళమే. ఆవిడ చెప్పింది తాళంచెవి పోయిందని, మీరు రాసింది తాళంకప్ప పోయిందని. ఎలా తెరవాలని ఆవిడ అడిగింది. తాళం లేని పెట్టెని ఎలా తెరవాలని ఎవరైనా అడుగుతారా? వేసిన తాళం వేసినట్టే పెట్టె ఇంటికి చేరింది. దారిలో దాన్ని ఎవరూ తియ్యలేదు."

"మరి నా అద్దాలు?" అంది పెద్దావిడ. "వేసిన తాళం వేసుండగా ఎలా పోయాయని నేనూ అడిగాను. ఎయిర్‌పోర్టువాళ్ళ దగ్గర అన్నిటికీ మారు తాళాలుంటాయని చెప్పింది మా అమ్మాయి. ఫారం తనే నింపింది. నేను సంతకం..."

మాట సగంలో ఆగింది. ఆవిడ నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

కూతురు ఏడుస్తోంది.

"లెన్సుల పెట్టె స్కూల్లో ఉంది. నా బీరువాలో," అంది. "ఆ పెట్టె చేతిలో ఉన్నంతకాలం నువ్వు ఇంట్లో కూర్చోవు. నిన్ను స్ట్రెచర్ మీద చూశానమ్మా. నీ చెయ్యి చల్లగా ఉంది. ఇంకోసారి చూడలేను. ఇంతలో ఫోనుకి రిపోర్టొచ్చింది. తాళమే లేదని వాళ్ళే రాశారు. అద్దాలు పోయాయంటే నువ్వు ఆగిపోతావనుకున్నాను."

"లోడర్ సంగతి?" అన్నాడు డౌట్.

"ఎవరో తీశారని రాసి మూసేస్తారనుకున్నాను. ఒక మనిషి మీద పడుతుందనుకోలేదు. పడిందని ఎయిర్‌లైన్ ఉత్తరంలో చూశాక... నోరు పెగల్లేదు."

"ఏ లోడరు?" అంది పెద్దావిడ.

డౌట్ చెప్పాడు. పదకొండేళ్ళ సర్వీసు గురించి, రేపటి ఎంక్వయిరీ గురించి, భార్య వేసిన కుట్టు గురించి. పెద్దావిడ కదలకుండా వింది.

"నా మీద ప్రేమతో చేశావు. ఒప్పుకుంటాను," అంది చివరికి కూతురితో. "ఆయన్ని ప్రేమించేవాళ్ళు ఆయనింట్లో లేరనుకున్నావా?"

ఆవిడ డౌట్ వైపు తిరిగింది.

"ఆ క్లెయిమ్ నాకొద్దండి. రద్దు చెయ్యండి," అంది పెద్దావిడ.

"చెయ్యక తప్పదమ్మా. మా పాలసీ దారిలో పోయినవాటికే. ఇంట్లో పోయినవాటికి కాదు." డౌట్ ఎప్పుడూ అనే మాటే అది. ఈసారి అన్నందుకు తనకే బాధనిపించింది.

మర్నాడు. పది గంటలు.

ఎంక్వయిరీ గది. రిపోర్టులో 'లాక్' అన్న మాట కొట్టేసి, పైన 'కీ' అని రాసి, సూపర్‌వైజర్ సంతకం పెట్టాడు.

కూతురు నిలబడే అంతా చెప్పింది. ఏదీ దాచలేదు. అమ్మ ఆరోగ్యం గురించి ఎత్తలేదు. చెప్పడం అయ్యాక లోడర్ దగ్గరికి వెళ్ళింది. లెన్సుల పెట్టె ఆమె చేతుల్లోనే ఉంది. పొద్దున్నే స్కూలుకెళ్ళి తెచ్చింది. బరువుకి భుజాలు వంగిపోతున్నాయి.

"క్షమించమని అడిగే ముఖం కూడా లేదండి నాకు," అంది.

లోడర్ ఆమె ముఖం చూడలేదు. పెట్టెని చూశాడు. అలవాటుకొద్దీ అందుకోవడానికి రెండు చేతులూ చాచాడు. సగంలో ఆగిపోయాడు.

చేతులు వెనక్కి తీసుకుని, కట్టుకున్నాడు.

"మీరే పట్టుకోండమ్మా," అన్నాడు.