చివరి మడత

"ఇది టాబ్లెట్టా, టీ ట్రేనా?"

ఆమె అతనితో అన్న మొదటి మాట అదే. గుడ్ మార్నింగ్ కూడా లేదు.

ఆ ఫ్లయింగ్ క్లబ్‌లో అతను రేడియోలూ మీటర్లూ బాగుచేసే టెక్నీషియన్. చేరి వారమే అయింది. నోరు మూతపడదు కాబట్టి అప్పుడే అందరూ "రేడియో" అని పిలవడం మొదలుపెట్టారు. ఆమె ఇన్‌స్ట్రక్టర్, నాలుగేళ్ళుగా విమానం నడపడం నేర్పుతోంది. క్లబ్‌కున్నవి మూడే చిన్న విమానాలు. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే మోచేతులు తగలక తప్పని విమానాలు. వాటన్నిటికీ ఒకేరకం టాబ్లెట్, అందులో దారి చూపించే ఒకే ఆప్ ఎంచి పెట్టమని క్లబ్ నడిపే పెద్దసార్ ఈ ఇద్దరికీ అప్పజెప్పాడు.

"పదమూడు అంగుళాలండీ. సినిమా హాల్లో కూర్చున్నట్టుంటుంది," అన్నాడు రేడియో.

"నేను సినిమాకి వెళ్ళట్లేదు. దీన్ని ఇక్కడ బిగిస్తే నా మీటర్లు సగం కనపడవు."

"మీటర్లు బాగుచేసేది నేనే కదండీ. అవేం అంత చూడదగ్గవి కావు."

ఆమెకి నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. ఆపుకోవడం అతను చూశాడు. ఇంకేముంది, మనవాడి పని అయిపోయింది.

"అసలు కాగితం మ్యాప్ ఉండగా ఈ గోలంతా ఎందుకో," అంది ఆమె.

"కాలం మారింది పంతులమ్మగారూ!"

ఆ పేరు ఆమెకి అలాగే అతుక్కుపోయింది.

ఆరు వారాలు ఎగిరారు. ఆమె నడిపేది, అతను పక్క సీట్లో ఒళ్ళో టాబ్లెట్లు పెట్టుకుని కూర్చునేవాడు. చవగ్గా వచ్చిందని తెచ్చిన మొదటిదాంతో గంటంబావు తిరిగారు. కింద నది వెనక్కి పోయింది, రైలు పట్టాలు వెనక్కి పోయాయి. తెరమీది విమానం బొమ్మ మాత్రం షెడ్డు దగ్గరే కదలకుండా కూర్చుంది.

"రేడియో, మనం ఇంకా బయల్దేరలేదట."

"ఈ మోడల్లో జీపీఎస్ ఉండదని డబ్బా మీద రాయాలి కదండీ!"

"రాశారు. చదివేవాళ్ళుండాలి."

ఇంకో ఆప్ చూడ్డానికి బొమ్మల పుస్తకంలా ఉంది. సరిగ్గా మేఘాల పక్కకి వచ్చాక పాస్‌వర్డ్ అడిగింది.

"ఏం పెట్టావ్?"

"అది... నేను కొడతాలెండి."

"చెప్తావా, ఇక్కడే దింపెయ్యనా?"

"పంతులమ్మ. పక్కన ఒకటి. అన్ని ఆప్‌లకీ అదే పెట్టాను."

ఆమె అటు కిటికీ వైపు తిరిగింది. చూడ్డానికి అక్కడ ఏమీ లేదు, తెల్లటి మేఘం తప్ప. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

ఆమెకి నచ్చింది చిన్న టాబ్లెట్, తొడకి పట్టీతో కట్టుకునేది. ఆప్ కూడా సాదాసీదాది: దగ్గర్లో రన్‌వే ఎక్కడుందో, ఎంత దూరమో చెప్తుంది, అంతే. అతను మాత్రం పెద్ద ట్రేనే పట్టుకుని వేలాడాడు.

ఒకరోజు మధ్యాహ్నం కుండపోత. విమానాలు కదల్లేదు. షెడ్డు రేకుల మీద వాన చప్పుడుకి పక్కమనిషి మాట వినాలన్నా దగ్గరికి జరగాల్సి వచ్చింది. ఇద్దరికీ అదేమీ కష్టంగా లేదు. ఆమె తన కాగితం మ్యాప్ బల్లమీద పరిచి మడవడం నేర్పింది.

"మన రన్‌వే పైకి కనపడాలి. చివరి మడత లోపలికి. చూశావా?"

అతను మడిచాడు. చివరి మడత బయటికి వచ్చింది. మళ్ళీ మడిచాడు. మళ్ళీ బయటికే.

"నీ చేతులు తిరగేసి పుట్టాయి, రేడియో. ఈ క్లబ్ మొత్తంలో ఇలా మడిచేవాడివి నువ్వొక్కడివే."

అతని నోట "మీరు" పోయి "నువ్వు" వచ్చింది ఆ వానలోనే. అప్పుడే చెప్పింది, ఎయిర్ అంబులెన్స్ కంపెనీలో ఉద్యోగం వచ్చిందని. రెండుసార్లు తప్పి మూడోసారి నెగ్గింది. వచ్చే నెల ఒకటో తారీఖున చేరాలి. రోగుల్ని తీసుకెళ్ళే విమానం నడపాలన్నది స్కూలు రోజులనుంచీ ఆమె కోరికట. అతను "కంగ్రాట్స్" అన్నాడు. ఇంకెన్ని రోజులున్నాయో వేళ్ళమీద లెక్కేశాడు.

అందుకే పందెం కట్టాడు. "ఒక్కరోజు ఆ కాగితం ముట్టుకోకుండా నా పెద్ద టాబ్లెట్‌తో ఎగిరి రా. ఏ ఇబ్బందీ లేకపోతే నాతో సినిమాకి రావాలి."

"వస్తా. కానీ మ్యాప్ సీటు పక్క జేబులోనే ఉంటుంది."

"ఉంటే చూసేస్తావ్."

"చూడను. ఒట్టు."

ఆ ఒట్టు అతను నమ్మలేదు. మర్నాడు పొద్దున ఆమె స్టూడెంట్‌ని ఎక్కించుకోబోయే ముందు జేబులోంచి మ్యాప్ తీసి తన టూల్‌బాక్స్‌లో పడేశాడు. తిరిగొచ్చాక చూపించి ఏడిపిద్దామని. అంతకుమించి దురుద్దేశం లేదు, నిజమే. దురుద్దేశం లేకుండా కొంపలు ముంచేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

రోజూ ఉండేదే కదా అని ఆమె ఆ సీటు జేబు తడిమి చూసుకోలేదు. అది ఆమె పొరపాటే.

ఎండ నేరుగా అద్దంలోంచి ఆ పెద్ద తెరమీద పడింది. నలభై నిమిషాలకి "వేడెక్కింది" అని ఒక మాట చూపించి టాబ్లెట్ ఆరిపోయింది. ఫోన్‌లో ఆప్ ఉంది కానీ మ్యాపులు ముందే దించుకోలేదు, పైన సిగ్నల్ లేదు. కింద మసకగా పొగమంచు. జేబులో చెయ్యి పెడితే ఖాళీ. కంట్రోల్ టవర్‌ని విమానం రేడియోలో సాయం అడిగి దారి తెలుసుకునేలోపు ఆమె విమానం పెద్ద ఎయిర్‌పోర్ట్ హద్దులోకి వెళ్ళిపోయింది. దిగబోతున్న ప్రయాణికుల విమానం మళ్ళీ పైకి లేవాల్సి వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు.

దిగగానే పెద్దసార్‌తో ఆమె అన్నది ఒకటే మాట. "జేబులో మ్యాప్ లేదు సార్."

పెద్దసార్ ఫోన్ మాట్లాడ్డానికి లోపలికి వెళ్ళాడు. ఆ పది నిమిషాల్లో మనవాడు టూల్‌బాక్స్ తెరిచాడు. ఎందుకు తెరిచావని అడిగితే అతనికీ తెలీదు. ఆ కాగితం తన దగ్గర ఉండకూడదు, అంతే. విడిపోయిన మ్యాప్‌ని మళ్ళీ మడిచి, తీసుకెళ్ళి విమానంలో సీటు పక్క జేబులో పెట్టేశాడు.

పెద్దసార్ వచ్చి జేబులో చెయ్యి పెట్టి మ్యాప్ బయటికి తీశాడు.

"మరి ఇదేంటమ్మా?"

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. చాలాసేపు చూసింది.

"నేను... చూసుకోలేదు సార్," అంది.

కంగారుపడింది, ఆపైన అబద్ధం చెప్పింది అని రిపోర్ట్ రాశారు. అది చదివి అంబులెన్స్ కంపెనీ రెండు లైన్ల ఉత్తరం పంపింది: పొరపాటు చేసిన పైలట్‌ని క్షమించగలం, అబద్ధమాడే పైలట్‌కి రోగుల్ని అప్పగించలేం.

ఆ తర్వాత ఆమె అతని బల్ల దగ్గరికి మూడుసార్లు వచ్చింది.

"ఆ రోజు పొద్దున విమానం దగ్గర ఎవరైనా తిరిగారా?"

"తెలీదండీ." అండీ తిరిగొచ్చేసింది, గమనించారా.

రెండోసారి ఇంకో మ్యాప్ తెచ్చి బల్లమీద పరిచింది. "కాస్త మడిచిపెట్టు, రేడియో."

"చేతులకి గ్రీజుందండీ."

మూడోసారి ఊరికే నిలబడింది. "నాకేమైనా చెప్పాలా?"

"టీ తాగుతారా?"

ఆ రాత్రి ఇంట్లో అతనికి అన్నం సహించలేదు. అక్క పట్టేసింది. "ఏంట్రా, ఏమైంది?"

"ఒకమ్మాయికి ఒక మాట చెప్పాలక్కా. చెప్తే ఇంక నా మొహం చూడదేమో."

అక్క పకపకా నవ్వింది. "ఒరే మొద్దూ, ప్రేమిస్తున్నానంటే మొహం తిప్పుకునేదేముందిరా! రేపే చెప్పెయ్."

అక్క పొరబడిందని అతనికి తెలుసు. దిద్దలేదు. ఆ మాటే తేలిగ్గా ఉంది మరి.

మర్నాడు, అంటే అదంతా జరిగిన పదకొండో రోజు, ఆమె తన బీరువా ఖాళీ చేస్తోంది. బయట సన్నగా చినుకులు. అతను తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నువ్వంటే నాకిష్టం. వెళ్ళిపోకు."

ఆమె చేతిలో పుస్తకాలు కింద పెట్టింది. "ఇదేనా చెప్పాల్సింది?"

"అవును."

"ఇంకేం లేదా?"

"లేదు," అన్నాడు.

ఆమె సంచిలోంచి ఆ రోజుటి మ్యాప్ తీసి అతని చేతిలో పెట్టింది. "నాకూ ఇష్టమే. ఆ పాస్‌వర్డ్ రోజునుంచీ. లేకపోతే మూడుసార్లు నీ బల్ల దగ్గరికి ఎందుకొచ్చాననుకున్నావ్? ఆ మడత చూడు."

చూశాడు. ఆ రోజు జేబులోంచి తీసినప్పటినుంచీ ఆమె దాన్ని విప్పలేదు. చివరి మడత బయటికి ఉంది.

"మరి... అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావని. ఉద్యోగం పోతే పోయింది, మనిషైనా మిగులుతాడనుకున్నా."

"ఇప్పుడే వెళ్ళి పెద్దసార్‌కి చెప్తాను."

"చెప్పు," అంది ఆమె, సంచి భుజాన వేసుకుంటూ. "కానీ నాకు చెప్పేశానని మాత్రం అనుకోకు. నాకు నేనే చెప్పుకున్నాను."

అతను చెప్పాడు. పెద్దసార్ తిట్టి, నెల రోజులు పనినుంచి తప్పించి, కంపెనీకి ఉత్తరం రాశాడు. ఆ ఉద్యోగంలోకి అప్పటికే వేరేవాళ్ళు వచ్చేశారు. ఆమె ఎక్కడికో వెళ్ళిపోయింది. ఫోన్ ఎత్తదు.

క్లబ్ చిన్న టాబ్లెట్లే కొంది. ఆమె నచ్చిందన్న ఆపే పెట్టింది. ప్రతి నెలా మొదటి రోజున కొత్త మ్యాపులు దించడం ఇప్పుడు రేడియో పని. అకౌంట్ తెరిస్తే మూడు టాబ్లెట్ల పేర్లు వరసగా కనపడతాయి. నాలుగోది ఆమె ఫోన్. దాని జోలికి అతను వెళ్ళేవాడు కాదు. ఆ పేరు అక్కడుంటే ఏదో ఆశ.

మొన్న తెరిచి చూస్తే మూడే ఉన్నాయి.

అందులోంచి ఒక పేరు తీసెయ్యాలంటే పాస్‌వర్డ్ కొట్టాలి. అది తెలిసినవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే.