ముప్పయ్యా, ముప్పయ్యొకటా

అలవాటు కావాలని తీసేసింది, పొద్దుటి నుంచీ మేదిని వేలికి ఉంగరం లేదు. కాఫీలో చక్కెర రెండుసార్లు వేసేసింది.

మామూలుగా అయితే దిద్దుడుంగరం ఊరుకోదు. మనిషి పొరపాటు చేయబోతే ముందే వేలిని బిగిస్తుంది. కూరలో ఉప్పయినా, లెక్కలో అంకెయినా అంతే. ఒకరి తప్పు ఒకరు చెప్పడం జనం ఎప్పుడో మానేశారు.

యూనివర్సిటీ గణితం ఇంటర్వ్యూకి మాత్రం బోసివేలితో వెళ్లాలి. రేపే. సీటు ఆ గదిలోనే తేలుతుంది. ఆలోచించి రమ్మని ఒక లెక్క ముందే పంపారు.

"అదేదో మళ్లీ చెప్పవే," అంది మేనత్త నాంచారి, దిబ్బరొట్టె తిరగేస్తూ. పిండి అంటుతుందని ఆమె ఉంగరం కూడా గూట్లోనే ఉంది.

"గుండ్రం అంచున చుక్కలు పెట్టాలత్తా. ప్రతి చుక్కనీ మిగతా అన్నిటితో గీతలు గీసి కలపాలి. రెండు చుక్కలకి గుండ్రం రెండు ముక్కలవుతుంది. మూడింటికి నాలుగు, నాలుగింటికి ఎనిమిది, ఐదింటికి పదహారు. ఆరింటికి?"

"ముప్పై రెండు. ఇదీ ఒక లెక్కేనా!"

మేదిని కూడా అదే రాసుకుంది. వేలు బిగియలేదు. అయినా అనుమానమొచ్చి, పలక మీద గీసి లెక్కపెట్టింది. "ముప్పయ్యొకటి!" అని అరిచింది. ఒళ్లు ఝల్లుమంది. తన తప్పు తనే పట్టుకోవడం అదే మొదలు.

నాంచారి రొట్టె దించి, దాని మీద చాకు మొనతో గీసింది. "ముప్పయ్యే."

"తప్పత్తా."

నాంచారి మొహం ఎర్రబడింది. మనిషన్నవాళ్లు ఆమెతో ఆ మాట అని ఎన్నాళ్లయిందో. "నీకే లెక్కపెట్టడం రాదు. వచ్చి చూడు!"

చూస్తే నిజంగా ముప్పయ్యే. రొట్టె సమానంగా కోసే చెయ్యి కదా, చుక్కలు సరిసమాన దూరంలో పెట్టింది. ఎదురెదురు చుక్కల్ని కలిపిన మూడు గీతలూ నడిమధ్య ఒకేచోట కలిశాయి. పలక మీద అలా కలవలేదు. అక్కడ చిన్న ముక్కొకటి మిగిలింది.

"ఇద్దరం రైటేగా! ఊరికే మూతి ముడిచాను," అని నవ్వి, నాంచారి రొట్టె తుంచి పెట్టింది.

మర్నాడు ఇంటర్వ్యూ గదిలో ప్రొఫెసర్ చక్రపాణి తన ఉంగరం కూడా తీసి బల్ల మీద పెట్టాడు. బోర్డు మీద గుండ్రం గీశాడు. ఆరు చుక్కలు సమానంగా పెట్టి కలిపాడు.

"ముప్పయ్యొక్క ముక్కలు. ఎందుకో చెప్పమ్మా."

మేదిని బొమ్మ మధ్యలోకి చూసింది. కాదంటే సీటు పోతుందేమో.

"తప్పండి."

ఆయన చెయ్యి బోసివేలిని తడుముకుంది. "ఏమన్నావ్?"

"మీ బొమ్మకి ముప్పయ్యేనండి. మధ్యలో చూడండి."

ఆయన బోర్డు దగ్గరికి వంగి ఒక్కో ముక్కా ముట్టుకుంటూ లెక్కపెట్టాడు. వేళ్లన్నీ సుద్దయ్యాయి. బల్ల దగ్గరికి వచ్చి, ప్రవేశపత్రం మీద సంతకం పెట్టి ఆమె ముందుకు జరిపాడు. ఉంగరాన్ని సొరుగులోకి తోసేశాడు.

"చిన్నప్పుడు మా అక్క అనేది, తప్పురా అని," అన్నాడు. "ఇంకోసారి అనమ్మా."