లోపల ఉన్నవారు: 1

ఇది రాత్రి జరిగింది కాదు. ఆదివారం, పట్టపగలు, బయట ఎండ మాడ్చేస్తోంది. కాకపోతే మా ఆఫీసు సర్వర్ గదికి కిటికీలు లేవు. లోపల పగలూ రాత్రీ ఒకటే.

ఆ గది మూలనున్న పాత మిషన్‌ని అప్‌గ్రేడ్ చెయ్యడం నా పని. ఆఫీసు తలుపుల తాళాలు, ఆ గది ఏసీ దాని చేతిలోనే ఉంటాయి. ఎవరి కార్డు పెడితే ఏ తలుపు తెరుచుకోవాలో అదే చూసుకుంటుంది. మామూలు కంప్యూటర్లకైతే సిస్టమ్ రెడీమేడ్‌గా దొరుకుతుంది, తెచ్చి ఎక్కిస్తే సరి. ఈ మహాతల్లికి అలా కుదరదు. సోర్స్ కోడ్ మొత్తం తెచ్చి, దాని మీదే కంపైల్ చేసి, కొలతలిచ్చి కుట్టించుకున్న జాకెట్టులా దానికోసమే తయారుచెయ్యాలి. ఐదారు గంటల పని. ఇలాంటి మిషన్ని మా నెత్తిన పెట్టినాయన పెద్దసారు. నేను ఉద్యోగంలో చేరడానికి మూడు నెలల ముందే పోయారు. ఆ గదిలోనే, ఇలాంటి ఆదివారమే, ఇదే పని చేస్తూ. గుండెపోటన్నారు.

ఆయన్ని నేను చూడలేదు. ఆయనవి రెండు వస్తువులు మాత్రం రోజూ చూసేదాన్ని. తలుపు పక్కన కొక్కేనికి వేలాడే గోధుమరంగు స్వెట్టర్. దగ్గరికెళితే అప్పటికీ నొప్పుల మందు వాసనేసేది. రెండోది నోటుపుస్తకం. అప్‌గ్రేడ్ ఎలా చెయ్యాలో అందులో వరసగా రాసిపెట్టారు. మొదటి మాట: "తలుపు మూసుకోకుండా కుర్చీ అడ్డం పెట్టు." రెండో మాట: "బ్యాకప్ తియ్యి. తీశాక తెరిచి చూసుకో."

కుర్చీ సంగతి చదివి నవ్వుకున్నాను. అయినా పెట్టాను. బ్యాకప్ కూడా తీశాను. "పూర్తయింది" అని వచ్చింది. తెరిచి చూడలేదు. వారం వారం అలాగే వచ్చేది, వారం వారం నమ్మేసేదాన్ని. నాకు ఓపిక తక్కువని మా అమ్మ ఊరికే అనదు.

ఉదయం ఏడింటికి మొదలుపెడితే కంపైల్ అయ్యేసరికి పన్నెండు దాటింది. సిస్టమ్‌కి గుండెకాయలాంటి పాత కెర్నల్‌ని పక్కన భద్రంగా దాచి, కొత్తది ఎక్కించి, రీబూట్ చేశాను. ఏసీ ఆగిపోయింది. పని పూర్తయితే అదే వస్తుంది, తెలిసిందే. మిగిలిన మిషన్లన్నీ నడుస్తూనే ఉన్నాయి కాబట్టి గది వేడెక్కడం మొదలైంది.

ఇక ఆఖరి పని, సెట్టింగుల ఫైళ్ళు. ఒక్కో ఫైల్లో తేడా వచ్చిన చోటల్లా ఎడమ పక్క పాత వరస, కుడి పక్క కొత్త వరస చూపించి, ఏది ఉంచాలని అడుగుతుంది. రెండొందలకు పైగా ఉంటాయి. వంద దాటాక చూడటం మానేసి నొక్కుతూ పోయాను. కొత్తది. కొత్తది. కొత్తది. ఆ ఊపులో మనుషుల పేర్లున్న ఫైల్ వచ్చింది. దానికీ కొత్తదే నొక్కేశాను.

కొత్త దాంట్లో పేర్లుండవు. కార్డులున్న వాళ్ళ పేర్లన్నీ ఒక్క దెబ్బకి పోయాయి.

తల పట్టుకున్నాను. అప్పుడే వెనక టక్‌మని చప్పుడైంది.

తలుపు మూసుకుంది. కుర్చీ తలుపులో లేదు. నా పక్కన, బల్లకి దగ్గరగా, ఎవరో కూర్చోవడానికి లాక్కున్నట్టు ఉంది.

కార్డు పెట్టాను. ఎర్ర లైటు. అత్యవసరానికని గోడకి పచ్చ బటన్ ఉంటుంది, అది నొక్కినా ఎర్ర లైటే. దాన్ని కూడా ఇదే మిషన్‌కి కలిపిన తెలివైనవాడెవడో దొరికితే అడగాలి. ఆ గదిలో సెల్‌ఫోన్ సిగ్నల్ ఉండదు. ఇంటర్‌కమ్ ఎత్తి గేటుకి చేశాను. వాచ్‌మన్ ఈమధ్యే చేరాడు. పెద్దవాడు, బాబాయ్ అంటాను.

"బాబాయ్, సర్వర్ గదిలో ఇరుక్కుపోయా. మేనేజర్‌గారికి చెప్పు. తాళంచెవి ఆయన దగ్గరే ఉంది."

మళ్ళీ అతనే చేశాడు. "సారు ఊళ్ళో లేరంట మేడమ్. రావడానికి రెండు గంటలు పడుతుందంట."

గోడ మీద థర్మామీటర్ ముప్పైతొమ్మిది చూపిస్తోంది. రెండు గంటలు.

సరే, బ్యాకప్ ఉందిగా అనుకున్నాను. తెరిచాను. ఖాళీ. కిందటి వారానిదీ ఖాళీ. వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళాను. రెండేళ్ళుగా అన్నీ ఖాళీ డబ్బాలే. పేర్లున్న ఆఖరి బ్యాకప్ ఒక్కటే దొరికింది. పెద్దసారు పోయిన రోజుది.

గత్యంతరం లేక అదే ఎక్కించాను. తలుపు పైన ఎర్ర అంకెల బోర్డు ఒకటుంది, గదిలో ఎంతమంది ఉన్నారో చూపిస్తుంది. అంతవరకూ సున్నా చూపిస్తున్నది మారింది.

లోపల ఉన్నవారు: 1.

హమ్మయ్య అనుకున్నాను. కానీ ఆ ఒకటి నేను కాదు. ఆ జాబితాలో నా పేరెందుకుంటుంది? తెరిచి చూశాను. పెద్దసారు పేరు. లోపలికి వచ్చిన టైము ఉంది. బయటికి వెళ్ళిన టైము లేదు.

ఆయన్ని స్ట్రెచర్ మీద మోసుకెళ్ళారు. వెళ్ళేటప్పుడు కార్డు ఎవరు పెడతారు? ఈ మిషన్‌కి తెలిసినంతవరకూ ఆయన ఇంకా ఇక్కడే ఉన్నారు.

నా పేరు చేర్చి సేవ్ కొట్టాను. సేవ్ అవలేదు. పైన బోర్డు మాత్రం మారింది.

లోపల ఉన్నవారు: 2.

ఇంటర్‌కమ్ ఎత్తాను. గుసగుసగా అడిగాను.

"బాబాయ్… లోపల నేను ఒక్కదాన్నే కదా?"

"అదేంటమ్మా… ఇంకో సారున్నారుగా. స్వెట్టరేసుకున్నాయన. కుర్చీ లోపలికి లాగి తలుపేసింది ఆయనే. కెమెరాలో చూశా."

కొక్కెం వైపు చూశాను.

కొక్కెం ఖాళీ.

నొప్పుల మందు వాసన… నా పక్కనుంచే వస్తోంది. కుర్చీ వైపు తల తిప్పలేదు. తిప్పే ధైర్యం లేదు. స్క్రీన్ మీద అడగడం మాత్రం మళ్ళీ మొదలైంది. ఎడమ పక్క ఆయన పేరు, లోపల. కుడి పక్క నా పేరు, లోపల.

పాతది ఉంచాలా? కొత్తది ఉంచాలా?

పాతది నొక్కాను. ఉండాల్సింది ఆయనే కదా. మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది. పాతది. మళ్ళీ అదే. పాతది… పాతది…

నలభైఏడు డిగ్రీలు. ఊపిరి పీలిస్తే గొంతు మండుతోంది. తలుపు దగ్గర కూలబడి చేత్తో బాదాను. అప్పుడు కనిపించింది, తలుపు అడుగున గీరుకుపోయిన రంగు. రోజూ చూసేదాన్నే. కుర్చీ తగిలి పోయిందనుకునేదాన్ని. కుర్చీ కాలు పక్కపక్కనే నాలుగు సన్నటి గీతలు ఎలా గీస్తుంది? నా వేళ్ళు ఆనించాను. సరిపోయాయి.

గుండెపోటు కాదు. ఆయనకీ ఎవరూ తలుపు తియ్యలేదు.

సిగ్గుపడకుండా చెబుతున్నాను, భోరున ఏడ్చాను. పాకుతూ బల్ల దగ్గరికెళ్ళాను. నాకు బతకాలని ఉంది, ఆయన బయటికి పోతేనైనా తలుపు తెరుచుకుంటుంది. అంతకుమించి ఇంకేమీ ఆలోచించలేదు.

కొత్తది నొక్కాను.

పక్కన కుర్చీ కిర్రుమంది. ఎవరో లేచినట్టు. అడుగులు… నెమ్మదిగా… తలుపు దాకా. పచ్చ లైటు వెలిగింది. తలుపు తెరుచుకుంది. అది మూసుకునేలోపు పరుగెత్తి బయటపడ్డాను. ఆ సందులో నా భుజానికి ఉన్ని బట్ట రాసుకుంది.

మేనేజర్ వచ్చేసరికి వరండాలో గోడకానుకుని కూర్చుని ఉన్నాను. ఆయన తన తాళంచెవితో తలుపు తీశారు. నేను గడప తొక్కలేదు. లోపల ఏసీ చల్లగా వీస్తోందట. అప్‌గ్రేడ్ పూర్తయిందట, ఒక్క తప్పు లేదట. "బ్రహ్మాండంగా చేశావమ్మా" అన్నారు. పెద్దసారు ఒంటిగంటా ఇరవైకి బయటికి వెళ్ళినట్టు నమోదైంది. నేను వెళ్ళినట్టు లేదు. బోర్డు మీద ఒకటి అలాగే ఉంది. మేనేజర్ నా వరస చెరిపేశారు. రీబూట్ చేస్తే మళ్ళీ వచ్చింది. మూడుసార్లు చేసి, "ఏదో డిస్‌ప్లే గొడవలే, వదిలెయ్" అన్నారు.

ఆ పని మానేశాను. పై అంతస్తుకి సీటు మార్పించుకున్నాను. ఆ గది వైపు పోను.

అయినా రోజూ మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి నా బల్ల మీద ఇంటర్‌కమ్ మోగుతుంది. ఆ గది నంబరే. నెల రోజులు ఎత్తలేదు. పక్క సీటు వాళ్ళు విసుక్కుంటుంటే నిన్న ఎత్తాను.

ఫ్యాన్ల హోరు. దాని వెనక ఎవరో చేత్తో తలుపు బాదుతున్న చప్పుడు. అది ఆగింది. ఊపిరి వినిపించింది… చాలా దగ్గరగా. తర్వాత గుసగుసగా, నా గొంతు.

"బాబాయ్… లోపల నేను ఒక్కదాన్నే కదా?"