యోగేశ్వరి నింపిన ఫారం

“దాపుర్! ఎన్నిసార్లు సెప్పాలి? దాపుర్!”

యోగేశ్వరి పుస్తకం మీద వేలితో టకటకా కొట్టింది. ఇంగ్లీషు అక్షరాలతోనే రాసే మలయ్ భాషలో దాపుర్ అంటే వంటిల్లు. చెల్లెలు ఉమాదేవి ఆ మాట వైపు కళ్లు చిట్లించి చూసింది.

“బా... బాపుర్,” అంది.

“అది బి కాదు, డి! పొట్ట ఎటుందో సూడు. నిన్న సెప్పినాను, మొన్న సెప్పినాను. నువ్వు కావాలనే సేస్తన్నావు!”

ఉమ కళ్లు నలుపుకుంది.

యోగేశ్వరికి పదకొండేళ్లు, ఉమకు ఎనిమిది. మలేషియాలోని తెలుక్ ఇంటాన్ ఊళ్లో ఒకే బడికి వెళ్తారు. అమ్మ ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి చీకటి పడిపోతుంది. అందుకే మధ్యాహ్నం చెల్లెలికి అన్నం పెట్టడం, చదివించడం యోగేశ్వరి పనే. ఆ తర్వాతే తన హోంవర్క్. ఈ మధ్య హోంవర్క్ చేస్తూ చేస్తూ పుస్తకం మీదే నిద్రపోతోంది.

సాయంత్రం నాన్న వినోద్‌కుమార్ వచ్చాడు. రోజంతా పామాయిల్ గెలలు లారీకి ఎత్తే పని. చొక్కా తీసి కుర్చీకి తగిలించి అలాగే నేల మీద కూలబడ్డాడు.

“నాన్నా, వాసుకి టీచర్ ఫారం ఇచ్చినారు. ఉమ గురించి,” అంది యోగేశ్వరి.

“నువ్వే రాయమ్మా. నాను సంతకం పెడతాను.”

నాన్న ఎప్పుడూ ఆ మాటే అంటాడు.

ఫారంలో చాలా ప్రశ్నలున్నాయి. ‘ఇంట్లో ఇంకెవరికైనా చదవడం కష్టంగా ఉండేదా?’ అని ఒకటి. యోగేశ్వరి నాన్నను అడగలేదు. ‘లేదు’ అని రాసేసింది. ‘ఇబ్బందికి కారణం ఏమనుకుంటున్నారు?’ అని ఇంకొకటి. యోగేశ్వరి మధ్యాహ్నం సంగతి తలచుకుంది. పెన్ను గట్టిగా నొక్కి, ‘సోమరితనం’ అని రాసింది.

నాన్న ఫారం చూడలేదు. యోగేశ్వరి వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశాడు.

రెండు రోజుల తర్వాత టీచర్ నాన్నను రమ్మని కబురు పెట్టారు. నాన్న సగం రోజు పని మానుకుని వచ్చాడు. అక్కచెల్లెళ్లిద్దరూ ఆయన పక్కన నిలబడ్డారు.

వాసుకి టీచర్ ఫారం నాన్న ముందు పెట్టి, ఇద్దరికీ వచ్చిన తమిళంలో మెల్లగా అడిగారు. “అయ్యా, ఉమ సోమరి అని రాశారు. మీకు నిజంగా అలాగే అనిపిస్తోందా?”

నాన్న కాగితం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

“అక్కా, నాను సోమరినా?” అని ఉమ నెమ్మదిగా అడిగింది.

యోగేశ్వరి ఇక ఆగలేకపోయింది. “నానే రాసినాను టీచర్. నాన్నకు తెలీదు.”

“మరి సంతకం మీదే కదా అయ్యా?”

“నాదే టీచర్,” అన్నాడు నాన్న. తల వంచుకున్నాడు. “ఏటి రాసిందో నాకు తెలీదు. నాకు సదవడం రాదు.”

యోగేశ్వరి నాన్న ముఖంలోకి చూసింది. ఇన్నేళ్లలో ఈ సంగతి తనకు తెలియనే తెలియదు.

“ఆరేళ్లు బడికెళ్లినాను,” అన్నాడు నాన్న. “అక్షరాలన్నీ కలిసిపోయినట్టుండేవి. సోమరి అని వెనక బెంచీలో కూసోబెట్టినారు. ఆ తర్వాత నన్నెవరూ ఏటీ అడగలేదు. నానూ మానేసినాను.”

టీచర్ కుర్చీ దగ్గరగా జరుపుకున్నారు.

“అక్షరాలు ఇలా కలిసిపోయి చదవడం కష్టమైతే అది డిస్లెక్సియా కావచ్చు. ఉమకు ఉందో లేదో పరీక్ష చేయించి తెలుసుకోవాలి. పిల్లలకు అమ్మానాన్నల నుంచి జన్యువులు వస్తాయి కదా. ఎత్తు, జుట్టు ఎలా ఉంటాయన్న దాంట్లో వాటి పాత్ర ఉంటుంది. చదవడం ఎంత సులువుగా వస్తుందన్న దాంట్లో కూడా ఉంటుంది. ఏదో ఒక్క జన్యువు కాదు, చాలా కలిసి పనిచేస్తాయి. అందుకే ఒకే ఇంట్లో ఒకరికి కష్టంగా ఉంటుంది, ఇంకొకరికి ఉండదు.”

“అంటే నా వల్లేనా, టీచర్?” నాన్న గొంతు బాగా అలసిపోయినట్టుంది.

“మీ ఉంగరాల జుట్టు ఉమకు వచ్చింది. అది మీ తప్పా?”

నాన్న ఉమ తల వైపు చూశాడు. లేదన్నట్టు తల ఊపాడు.

“ఇదీ అంతే. తెలివి తక్కువై కాదు, సోమరితనం కాదు. నేర్పే పద్ధతి వేరేగా ఉండాలి. ముందే తెలిస్తే సాయం ముందే మొదలుపెట్టొచ్చు. అందుకే ఇంట్లోవాళ్ల గురించి అడిగేది.” టీచర్ కొత్త ఫారం ఇచ్చారు. యోగేశ్వరిని మాత్రం ఏమీ అనలేదు. అదే యోగేశ్వరికి ఎక్కువ బాధ అనిపించింది.

ముగ్గురూ ఇంటికి నడిచి వచ్చారు. ఎండ మండిపోతోంది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ యోగేశ్వరి ఉమ చెయ్యి పట్టుకుంది.

“నువ్వు సోమరివి కావు. నానే తప్పు రాసినాను.”

“కళ్లు నొప్పెడతాయక్కా,” అంది ఉమ. “అయినా సూస్తానే ఉంటాను.”



యోగేశ్వరి కొత్త ఫారం తీసుకుని నాన్న పక్కన కూర్చుంది. ఒక్కో ప్రశ్న తెలుగులో చెప్పి, నాన్న జవాబు చెప్పేదాకా ఆగింది. ఇంట్లోవాళ్ల గురించిన ప్రశ్న వచ్చింది.

“రాయొచ్చా నాన్నా?”

నాన్న తల ఊపాడు. “రాయమ్మా. నాకూ కష్టంగానే ఉండేదని రాయి.”

మర్నాడు టీచర్ ఉమకు ఒక పద్ధతి చూపించారు. పళ్లెంలో బియ్యప్పిండి పోసి, శబ్దం పైకి పలుకుతూ అక్షరాన్ని వేలితో రాయాలి. సాయంత్రం ఉమ ఇంట్లో అలాగే రాస్తోంది. నాన్న గోడకు ఆనుకుని, సగం మూసిన కళ్లతో చూస్తున్నాడు.

“నాన్నా, నువ్వూ రాయి,” అంది ఉమ.

“సేతులు నొప్పిగా ఉన్నాయమ్మా. రేపు సూద్దాం.”

కానీ ఉమ పళ్లెం ఆయన ముందుకు జరిపింది. నాన్న గెలల ముళ్లు గుచ్చుకున్న చేతిని లుంగీకి తుడుచుకున్నాడు. లావాటి వేలితో మెల్లగా డి అక్షరం గీశాడు. పొట్ట అవతలి వైపుకు వచ్చింది.

“తప్పా?” అన్నాడు యోగేశ్వరితో.

యోగేశ్వరి హోంవర్క్ ఇంకా మొదలే పెట్టలేదు. ఆమె కళ్లూ మూతలు పడుతున్నాయి. పళ్లెం రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ కదిపి పిండిని సమం చేసింది.

“మల్లీ రాయి నాన్నా,” అంది. “తొందరేటీ లేదు. నాను కూసునే ఉంటాను.”